బతికున్న మనిషికి అగరొత్తులు

ఎదురు మేడ పిట్టగోడ మీంచి ఇద్దరు కుర్రాళ్ళు ఫ్లెక్సీ చుట్టని కిందికి విప్పుతుంటే, కందకం గట్టున కావడి దించుకుని కూర్చున్న లాయ్ తన మొహాన్ని తనే చూసుకుంది. ముందు తాటాకు టోపీ కనపడింది, తర్వాత కళ్ళు, ఆ తర్వాత ఎడమ బుగ్గ మీది పుట్టుమచ్చ. ఆ మచ్చ ఒక్కటే అన్నం తినే పళ్ళెమంత ఉంది.

"అక్కా! హీరోయిన్‌వి అయిపోయావు," అన్నాడు దామ్. రిక్షాని గోడకి చేరేసి, పొట్టి స్టూలు మీద మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడతను. "ఇవాళ్టి నుంచి గ్లాసు రేటు పెంచుతావా?"

"నువ్వు తినే రెండో గ్లాసుకి మాత్రమే పెంచుతా."

చెయ్యి మాత్రం ఆగలేదు. చల్లనీళ్ళ గిన్నెలోంచి చిల్లుల గరిటెతో ఏడు ఉండలు తీసి, నీళ్ళు ఓడ్చి గ్లాసులో వేసింది. కర్రపెండలం పిండిని వేడినీళ్ళతో కలిపి, పల్చగా వత్తి, లోపల చిన్నుల్లితో వేయించిన పంది మాంసం ముక్క పెట్టి ఉడికించిన ఉండలవి. ఉడికాక పైపొర గాజులా మారి లోపలి ముక్క ఎర్రగా కనపడుతుంది. వాటి మీద పటికబెల్లం పాకం, దాని మీద సన్నగా తరిగిన అల్లం, చెంచాడు ఐసు. 'చే' అనే ఈ తీపిలో మాంసమేమిటని హుయే ఊళ్ళో ఎవరూ అడగరు. అడిగారంటే పైఊరివాళ్ళని లెక్క.

మార్చిలో కెమెరా పట్టుకుని ఒకమ్మాయి వచ్చింది. రెండు గ్లాసులు తిని, "ఒక్కసారి నవ్వండత్తా, జ్ఞాపకంగా ఉంచుకుంటా" అంది. లాయ్ నవ్వింది. ఆ నవ్వే ఇప్పుడు రెండంతస్తుల ఎత్తున వేలాడుతోంది. సిగ్గుగానూ ఉంది, లోలోపల కాస్త బావుందనీ అనిపించింది. ఆ మేడలో హోటలు పెట్టిన కియెత్ ఒక్క మాట చెప్పి ఉంటే టోపీ అయినా కొత్తది పెట్టుకుని ఉండేది.

"కింద ఏదో రాశారు. నా కళ్ళజోడు ఇంటి దగ్గర ఉంది. చదువు."

దామ్ చెంచా నోట్లో పెట్టుకునే చదవడం మొదలుపెట్టాడు. "తరతరాల చే రుచి... కోట కందకం గట్టున పుట్టిన తీపి..." అక్కడ ఆగిపోయి చెంచా బయటికి తీశాడు.

"తర్వాత?"

"మా అమ్మమ్మ దివ్యస్మృతికి." అతను ఎదుటి మొహం వంకా, పక్కనున్న మొహం వంకా చూశాడు. "అక్కా, నువ్వు పోయావట."

లాయ్ పకపకా నవ్వింది. గోడ పక్కన నిలబడి మొక్కజొన్న చే తింటున్న ఇద్దరు టీచరమ్మలూ నవ్వారు. నవ్వు అయిపోయాక కూడా ఆమె చేతిలో గరిటె పాకంలోకి దిగలేదు.

"వాడికి అమ్మమ్మనా నేను? నాకు యాభై ఏడు. వాళ్ళ అమ్మమ్మ పెద్ద మార్కెట్లో ఎండుచేపలు అమ్మింది, నేనెరుగుదును ఆవిణ్ణి. చే వండటం మాట అటుంచు, పెట్టినా తినేది కాదు, పళ్ళు జివ్వుమంటాయనేది."

వార్డు గార్డు బిన్ స్కూటర్ అప్పుడే వచ్చి ఆగింది. ఆకుపచ్చ యూనిఫాం, చంకలో రిజిస్టరు. బడికెళ్ళే రోజుల్లో "అల్లం వద్దు పిన్నీ" అని గ్లాసు ముందుకు చాపే పిల్లాడు. స్కూటర్ దిగకుండానే మాట్లాడాడు.

"పిన్నీ, రేపట్నించి ఇక్కడ కుదరదు."

"ఎవరన్నారు?"

"కంప్లైంట్ వచ్చింది. ఎదురు హోటలుకి వచ్చేవాళ్ళు ఫోటోలు తీసుకుంటుంటే నీ కావడి మధ్యలో పడుతోందట. చూడ్డానికి బాగాలేదట."

లాయ్ గరిటెతోనే ఫ్లెక్సీ వైపు చూపించింది. "ఆ పైన ఉన్నది ఎవరో చూశావా?"

బిన్ చూశాడు. తర్వాత తన బూట్ల వైపు చూసుకున్నాడు. "చూశాను పిన్నీ."

"గోడ మీదున్నది అందంగా ఉంది, గట్టు మీదున్నది అడ్డంగా ఉంది. అంతేనా?"

"పైవాళ్ళు చెప్తే నేను చెప్తాను. నన్నేం చెయ్యమంటావు?" అని స్కూటర్ తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఇంట్లో అత్తగారు అరుగు మీద కూర్చుని తామర గింజల్లోంచి పచ్చ మొలకలు తీస్తోంది. ఎనభై నాలుగేళ్ళు. కళ్ళు సరిగ్గా ఆనకపోయినా వేళ్ళు పొరపాటు చెయ్యవు. వెదురు సూదిని గింజ అడుగున గుచ్చి తోస్తే ఆ పైనుంచి మొలక చీపురుపుల్ల ముక్కలా బయటికొస్తుంది. అది ఒక్కటి లోపల ఉండిపోయినా కుండంతా చేదెక్కుతుంది. లాయ్ కావడి దించి, జరిగింది చెప్పింది.

ముసలావిడ సూది ఆపింది. "నాకంటే ముందు పోయావా? కోడలికి ఆ మాత్రం మర్యాద ఉండక్కర్లేదూ?"

"నవ్వుతారేంటత్తయ్యా."

"నవ్వడం లేదే. ఒట్టి బొమ్మేనా, అగరొత్తులు కూడా వెలిగించారా?"

"బొమ్మే."

"బొమ్మయితే పోనీ. ఎండకి వెలిసిపోతుంది. బతికున్న మనిషి బొమ్మ ముందు అగరొత్తి వెలిగిస్తే మాత్రం ఊరుకోకూడదు. అది పిలవడం. పోయినవాళ్ళని పిలిచే పిలుపుతో బతికున్నవాళ్ళని పిలవకూడదు." మళ్ళీ గింజ అందుకుంది. "రేపు కూడా అక్కడే కూర్చో. నలభై ఏళ్ళ చోటు అది. నా చోటే నీకిచ్చాను."

లాయ్ అక్కడే కూర్చుంది. పదకొండున్నరకి వార్డు లారీ వచ్చింది. ఇద్దరు మనుషులు దిగి, తొమ్మిది ఎర్ర స్టూళ్ళూ ఒకదాంట్లో ఒకటి దూర్చి లారీలో పడేశారు. కూర్చుని తింటున్న ఆఫీసు గుమస్తా అమ్మాయిని లేవమన్నారు. ఆ పిల్ల లేచింది. సగం తిన్న గ్లాసుతో ఎండలో నిలబడి, తినాలో పారెయ్యాలో తోచక లాయ్ వంక చూసింది.

"నిలబడే తినమ్మా. పెండలం చే నిలబడితే గొంతు దిగదా ఏం?" అంది లాయ్.

బిన్ లారీ పక్కన నిలబడి రిజిస్టర్లో ఏదో రాస్తున్నట్టు తల వంచుకున్నాడు.

కావడి ఎత్తుకుని రోడ్డు దాటేటప్పుడు చూసిందామె. హోటలు అద్దాల వెనక, ఎత్తైన చెక్క అరమీద, ఇంకో బొమ్మ. అదే నవ్వు, అదే మచ్చ. రంగు తీసేసి నలుపు తెలుపు చేసి, నల్లచట్రం కట్టించారు. ముందు రెండు అరటి హస్తాలు, పింగాణీ బూడిదగిన్నె, అందులో మూడు అగరొత్తులు. పొగ నిటారుగా లేచి ఆమె గడ్డం దగ్గర విడిపోతోంది.

కావడి బయట దించి తలుపు తోసింది లాయ్. లోపల ఏసీ చల్లదనానికి చెమట పట్టిన వీపు ఒక్కసారిగా జలదరించింది. గల్లా దగ్గరున్న కియెత్ లేచి ఎదురొచ్చాడు. ముప్పై దాటిన మనిషి, తెల్ల చొక్కా, మాట మెత్తన. గుర్తుపట్టనట్టు నటించలేదు. అదొక్కటి మెచ్చుకోవాలి.

"రండత్తా, రండి. కూర్చోండి. అమ్మాయ్, అత్తకి ఒక మాంసం చే పట్రా."

గాజు గిన్నె వచ్చింది, పైన ఒక పువ్వు కూడా. లాయ్ ఒక ఉండ నోట్లో పెట్టుకుంది. పొర మందంగా ఉంది, ఎప్పుడో ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టినదని నాలికకి తెలిసిపోయింది. లోపల మాంసం పీచు. పాకం మామూలు పంచదార, దానికి సీసాలోంచి పోసిన వాసన. నమిలి మింగింది. తిండిని ఉమ్మడం ఆమెకి చేతకాదు.

"సంచుల్లో వస్తోందా?"

"ఫ్యాక్టరీది అత్తా. అన్ని ఊళ్ళకీ అదే వెళ్తుంది."

"నన్నెందుకు చంపావు బాబూ?"

కియెత్ కుర్చీ దగ్గరికి లాక్కుని, పెద్దవాళ్ళకి లెక్కలు నేర్పేవాడిలా ఓపిగ్గా చెప్పాడు. "జనం ఊరికే తీపి కోసం రారత్తా. వెనక ఒక అమ్మమ్మ ఉండాలి. మీ మొహంలో ఆ కళ ఉంది. అది మీకు గౌరవమే."

"గౌరవమా! బతికున్న అమ్మమ్మ పనికిరాదా?"

"బతికున్నావిడ ఎదురు గట్టున కూర్చుని నా రేటులో సగానికి అమ్ముతుంటే నా గడప ఎవరు తొక్కుతారు?" అన్నాడు. కూరగాయల ధర చెప్పినంత మామూలుగా అన్నాడు. "కంప్లైంట్ ఇచ్చింది నేనే, దాచను. కానీ మీ పొట్ట కొట్టాలని నాకు లేదు. ఇక్కడికే వచ్చెయ్యండి. ఊదా రంగు పట్టుబట్టలు కుట్టిస్తాను. గుమ్మంలో కుండ ముందు కూర్చుని గరిటె తిప్పుతుంటే చాలు. ఎవరన్నా పోలిక పట్టి అడిగితే అమ్మమ్మ చెల్లెలినని చెప్పండి."

"నాకు నేనే చెల్లెల్నా?"

"అలాగే అనుకోండి."

"కుండలో ఏముంటుంది?"

"ఏమీ ఉండదు. అడుగున పొగ వదిలే మెషీన్ ఉంటుంది. వండే శ్రమే లేదు మీకు."

లాయ్ లేచింది. నలభై ఏళ్ళుగా తెల్లవారుజామున నాలుగింటికి బొగ్గు రాజేసిన చేతులు. ఆ చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక, తిన్న గిన్నెనీ చెంచానీ తనే తీసుకెళ్ళి గల్లా మీద పెట్టి బయటికొచ్చేసింది.

ఆ సాయంత్రం అత్తగారికి చెప్తే ముసలావిడ కర్ర కోసం తడుముకుంది. "పద. నన్ను తీసుకెళ్ళు. నేను బతికుండగా నా కోడలికి అగరొత్తి వెలిగించే మొనగాడెవడో చూస్తాను."

"మీరొద్దు. నేనే వెళ్తాను."

"ఎప్పుడు?"

"ఎల్లుండి పున్నమి కదా," అంది లాయ్. "పోయినవాళ్ళు భోజనానికొచ్చే రోజు."

పున్నమి పొద్దున్న వీధి వీధంతా పెద్దల పీఠం మీద పెట్టడానికి తామర గింజల చే కోసం గిన్నెలతో వాళ్ళింటికే వచ్చింది. గట్టున ఆమె కనపడకపోయేసరికి సందులోకి దారి అడుక్కుంటూ వచ్చారు. గింజలు ముందు ఒట్టినీళ్ళలో మెత్తబడాలి, ఆ తర్వాతే పటికబెల్లం. తొందరపడి ముందే తీపి వేస్తే గింజ బిర్రబిగుసుకుని ఎంతసేపు ఉడికినా లొంగదు. ఆరింటికల్లా రెండు కుండలు ఖాళీ అయ్యాయి. మూడో కుండ దగ్గరకి బిన్ వచ్చాడు. యూనిఫాంలో లేడు. చేతిలో నీలం పువ్వుల గిన్నె.

"అమ్మ పంపింది. వేరే చోట కొంటే తాతయ్య ముట్టడంటోంది."

లాయ్ గిన్నె అందుకుని, గింజలు చితక్కుండా అంచుల దాకా నింపి, పైన అరిటాకు కప్పి ఇచ్చింది.

"పిన్నీ, ఆ స్టూళ్ళు..."

"స్టూళ్ళ సంగతి నేనడగలేదే. ఒలికిపోకుండా పట్టుకెళ్ళు."

అతను ఇంకేదో అనబోయి, వెనక నిలబడ్డ ఆడవాళ్ళందరూ తననే చూస్తున్నారని గమనించి, గిన్నెని రెండు చేతులా పట్టుకుని నడిచాడు.

మధ్యాహ్నం మూడింటికి లాయ్ తలంటుకుని, పండగలకి కట్టే ఊదా బట్టలు కట్టుకుంది. కుట్టించిచ్చింది ఆమె మొగుడే, ఎవరి దయా కాదు. హోటలు నిండి ఉంది. హనోయ్ నుంచి బస్సులో వచ్చిన జట్టు ఒకటి, పదిమంది దాకా, అందరూ లాయ్ ఈడువాళ్ళే. వాళ్ళ ముందు నిలబడి సన్నటి గైడమ్మాయి నల్లచట్రం బొమ్మ చూపిస్తూ గడగడా చెప్తోంది. అర మీద అగరొత్తులు కొత్తగా వెలిగించి ఉన్నాయి. పున్నమి కదా, ఫ్యాక్టరీ చే గిన్నెలు మూడు కూడా పెట్టారు.

"ఈ అమ్మమ్మ చిన్నప్పుడు రాజుగారి వంటింట్లో పనిచేసిందండీ. చివరి రోజుల దాకా తన చేత్తోనే..."

లాయ్ బొమ్మ కిందనే ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఏ జబ్బుతో పోయిందమ్మా?"

"ముసలితనం అండీ."

"ఏ నెలలో?"

గైడమ్మాయి తడబడింది. "చలికాలంలో... నిద్రలోనే. ఏ బాధా లేకుండా."

"పోనీలే. బాధపడలేదు కదా."

పక్క టేబుల్ దగ్గర నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న హనోయ్ ఆవిడ కళ్ళజోడు సర్దుకుని పైకి చూసింది. తర్వాత కిందికి చూసింది. మళ్ళీ పైకి. చెంచా గిన్నెలో పెట్టేసింది. ఆవిడని చూసి పక్కావిడా, పక్కావిడని చూసి ఆ పక్కాయనా. మాటలు ఒక్కో టేబుల్ దగ్గరా ఆగిపోతూ వచ్చాయి.

కియెత్ గబగబా వచ్చి వంగి చెవిలో అన్నాడు. "అత్తా, లోపలికి రండి. వంటింట్లో మాట్లాడుకుందాం."

"ఇక్కడే మాట్లాడు. నన్ను భోజనానికి పిలిచింది నువ్వు. మూడు పుల్లలు వెలిగించి మరీ పిలిచావు, వచ్చాను." ఆమె గొంతు పెంచలేదు. బేరం తెగ్గొట్టేటప్పుడు మాట్లాడే మామూలు గొంతే. "మా అత్తగారికి ఎనభై నాలుగు. ఇంట్లో గింజలు వలుస్తోంది. ఆవిడ ఉండగా నేను పోయానని ఊరికి చెప్పావు. రాజుగారి వంటిల్లు నేను కళ్ళతో చూడలేదు. నేను వండేది బొగ్గుల కుంపటి మీద. ఆ చోటు కూడా నీకు అడ్డమని లాగేయించావు. మొహం కావాలి, మనిషి వద్దు. అంతేగా?"

"మీరు పొరపాటు పడుతున్నారు, పోలిక అంతే..."

"మచ్చ కూడా పోలికేనా?" అంది హనోయ్ ఆవిడ. పైన బొమ్మలో ఉన్న చోటే కింద మనిషికీ ఉంది.

లాయ్ కుర్చీ అర దగ్గరకి లాక్కుని ఎక్కింది. మోకాళ్ళు నొప్పి చేశాయి, నెమ్మదిగా ఎక్కింది. ఎవరూ ఆపలేదు. మూడు అగరొత్తులూ ఒక్కొక్కటిగా బూడిదలోంచి పైకి తీసింది. ఎర్రటి కొసలు ఆర్పడానికి నీళ్ళు లేక, నైవేద్యం పెట్టిన చే గిన్నెలో ముంచింది. మూడుసార్లు సుయ్యిమంది. దిగుతుంటే చెయ్యి అందించింది హనోయ్ ఆవిడే.

"మరి మీ చే ఎక్కడ దొరుకుతుంది?"

"ఇంటి దగ్గర. సందులో మూడో గుమ్మం. కూర్చోబెట్టడానికి స్టూళ్ళు లేవు, నిలబడి తినాలి."

ఏడుగురు వచ్చారు. సందు గోడలకి వీపులు ఆనించి, అటొక వరసా ఇటొక వరసా నిలబడ్డారు. మాంసం చే అనగానే హనోయ్ ఆవిడ మొహం చిట్లించింది. "తీపిలో మాంసమేమిటండీ!" అత్తగారు గుమ్మంలోంచే, "తిని చెప్పు, తినకుండా చెప్పకు," అంది. ఆవిడ ఒక ఉండ కొరికింది. జిగురు పొర పళ్ళ కింద సాగి టప్పున తెగి, లోపలి ఉప్పటి ముక్క పాకంలోకి వచ్చి పడింది. వెనకాలే అల్లం ఘాటు. ఆవిడ కళ్ళు మూసుకుని నమిలింది. గ్లాసు అడుగున మిగిలిన పాకం కూడా తాగేసి, గ్లాసు మళ్ళీ చాపింది.

"ఇంకోటి."

"పోయినావిడ వండిందే," అంది అత్తగారు, సందంతా వినపడేలా. "బావుందా?"

మర్నాడు ఫ్లెక్సీ దిగిపోయిందని దామ్ వచ్చి చెప్పాడు. నల్లచట్రం కూడా లేదట. లాయ్ చోటు మాత్రం తిరిగి రాలేదు. గట్టున ఇనప గొలుసు కట్టారు. బిన్ ఒక సాయంత్రం స్టూళ్ళు తెచ్చి గుమ్మం బయట పెట్టి, పిలవకుండానే వెళ్ళిపోయాడు. ఒకటి విరిగి ఉంది. ఆమె సందులోనే కుంపటి పెట్టుకుంది. వచ్చేవాళ్ళు వస్తున్నారు, అందరూ రావడం లేదు. మధ్యాహ్నం గంట కొట్టగానే బడిలోంచి పరిగెత్తుకొచ్చే పిల్లలకి ఇంత దూరం టైం చాలదు. ఆ కేకల కోసం చెవి ఇంకా అటే పోతోంది.

వారం తిరక్కుండా దామ్ మళ్ళీ వచ్చాడు. రిక్షా దిగలేదు, గ్లాసు అడగలేదు.

"అక్కా, కొత్త బొమ్మ ఎక్కింది."

లాయ్ చేతులు తుడుచుకుని వెళ్ళి చూసింది. ఈసారి ఎవరో సన్నటి ముసలావిడ. వక్కాకుతో నల్లబడ్డ పళ్ళు, చెవి దాకా నవ్వు, మెడలో గళ్ళ తువ్వాలు. కింద అవే అక్షరాలు. అద్దాల వెనక అర మీద అదే బూడిదగిన్నె, కొత్త చట్రం, మూడు పొగలు. బయట ఒక జంట ఆ బొమ్మ పక్కన నిలబడి ఫోటో దిగుతున్నారు.

తన బొమ్మ చూసినప్పుడు కూడా ఇంత మంట పుట్టలేదు. అప్పుడు నవ్వొచ్చింది, సిగ్గేసింది, ఆ తర్వాతే కోపం. ఇప్పుడు నేరుగా కోపమే వచ్చింది. గొలుసు పట్టుకుని నిలబడి ఆ ముసలావిడ కళ్ళలోకి చూసింది. ఆవిడా ఎవరో జ్ఞాపకంగా ఉంచుకుంటానంటే నవ్వి ఉంటుంది.

"ఎవరీవిడ? ఎరుగుదువా?"

"ఎక్కడో చూశాను." దామ్ బుర్ర గోక్కున్నాడు. ఊళ్ళో అతను తొక్కని వీధి లేదు. "ఆ తువ్వాలు... బావో విన్ మార్కెట్ దగ్గర, నది మెట్ల మీద. బాతుగుడ్లు అమ్ముతుంది."

"పద."

"కుంపటి మీద కుండ ఉందిగా?"

"అత్తయ్య చూసుకుంటుంది. పద."

బావో విన్ మెట్ల మీద ఎండ మండిపోతోంది. ముసలావిడ గుడ్డుని రెండు వేళ్ళతో పట్టి సూర్యుడికి ఎదురుగా ఎత్తి, లోపల చూసి, మంచిది ఇటు బుట్టలోకీ, అనుమానంది అటు బుట్టలోకీ వేస్తోంది. లాయ్ ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"అక్కా, నీ పేరేమిటి?"

"గుడ్లు కావాలా, పేరు కావాలా?"

"ముందు పేరు చెప్పు. అక్కడ గోడ మీద రాయలేదు."

ముసలావిడ పేరు న్యాన్. లాయ్ చెప్పింది మొత్తం వినేదాకా చేతిలో గుడ్డు దించలేదు. ఫ్లెక్సీ సంగతికి నోరు వెళ్ళబెట్టి నవ్వింది. అగరొత్తులనేసరికి నవ్వు ఆగిపోయింది. గుడ్డుని బుట్టలోని పొట్టులో జాగ్రత్తగా పెట్టి, బుట్ట మీద తడిగుడ్డ కప్పి, "ఒక గంట చూస్తుండవే," అని పక్కావిడకి అప్పజెప్పి, మోకాలి మీద చెయ్యేసుకుని లేచింది.

"నాకు ఇంకా మా చిన్నదానికి పురుడు పొయ్యాల్సి ఉంది," అంది. "ఎవడు వాడు? చూపించు."

ఇద్దరూ సర్దుకుని కూర్చునేదాకా దామ్ రిక్షా కమ్మీ గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. "చచ్చిపోయినవాళ్ళని ఇద్దర్ని ఒకేసారి ఎక్కించుకోవడం ఇదే మొదలు," అన్నాడు.

"మాట్లాడకుండా తొక్కరా," అంది న్యాన్.